దసరా నీళ్లు తాగిన ఇంజన్

లాల్‌దర్వాజా, 6-9-76

బాపుకు ఈశ్వరయ్య దండాలు. మేమంతా బాగున్నాం, నాకే కుదురు లేదు.

తొమ్మిదేళ్ల కింద నువ్వు నడపడం మానేసి షెడ్డులో పెట్టిన శారదమ్మ గారి కారును పై శుక్రవారానికి స్టార్ట్ చేయాలట. అయ్యగారి గుర్తుగా అందులోనే గుడికి పోతారట. ఇంజన్ ఆయిల్ దించితే ముందు పుల్లటి నీళ్లు కారాయి. ఇదేమిటమ్మా అంటే, "మీ బాపే చెప్పిండు గదా, దసరాకు కొబ్బరికాయ తప్పొద్దని! ఏటా కాయ కొట్టి, ఆ నీళ్లు బండికి తాపిన" అన్నారు. తాపింది ఆయిల్ పోసే మూతిలో!

కిరసనాయిలుతో రెండుసార్లు కడిగాను. నువ్వు బండి పెట్టేనాడు తుప్పు పట్టకుండా సిలిండర్లలో ఆముదం పోశావా? పోయకుంటే పిస్టన్లు పట్టేసి ఉంటాయి, బలవంతంగా తిప్పితే విరుగుతాయి. రోజూ ఇంజన్ తిప్పే హ్యాండిల్ దాకా పోయి, ముట్టకుండా తిరిగి వస్తున్నాను.

చెల్లెకు జ్వరం తగ్గిందా? బర్రె ఈనిందా? అవ్వను మందు మానొద్దని చెప్పు.

ఆముదం పోశావంటే వెంటనే కార్డు రాయి. పోయలేదంటే మాత్రం కవరులో పెట్టి గట్టిగా అంటించు. శారదమ్మ గారే నా ఇంటి ఓనరమ్మ కదా, మన కార్డులన్నీ ముందు ఆమే చదువుతారు.

నీ కొడుకు
ఈశ్వరయ్య