చెరువు పాకలో తుపాకీ

భీమవరం
14 జూలై 1998, మంగళవారం రాత్రి

ఈరోజు నా క్లయింటు పోలయ్యకి శిక్ష పడింది.

రొయ్యల చెరువు మీద వాలే పిట్టల్ని బెదరగొట్టడానికి కాపలా పాకలో ఒక నాటు తుపాకీ ఉంటుంది. దానికి లైసెన్సు లేదు. పాకలో ఎవరు పడుకుంటే అది వాళ్ల చేతికొస్తుంది. అక్కడ కాపలా ఉండే పోలయ్య ఇలా తుపాకీతో పోలీసులకి దొరకడం ఇది రెండోసారి, అందుకని శిక్ష రెట్టింపు.

"కనీస శిక్ష కన్నా తగ్గించాలంటే ప్రత్యేక కారణం చూపించాలమ్మా" అన్నారు జడ్జిగారు.

ఆ కారణం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక బెంచీ మీదే కూర్చుని ఉంది. చెరువు యజమాని సుబ్బారావుగారు. తుపాకీ ఆయనదే. కానీ పోలయ్య ముందే నాకు దణ్ణం పెట్టాడు. "ఆయన పేరెత్తకండమ్మా. మా ఇల్లు ఆయన స్థలంలోనే ఉందండి." ఆ పేరు లేకుండానే వాదన ముగించాను.

తుపాకీతో రెండోసారి దొరికినవాణ్ని ఊరికే వదలకూడదు, ఒప్పుకుంటాను. మరి ఆ తుపాకీ కొనిచ్చిన మనిషిని ఎవరూ ఒక్క మాటైనా అడగరేం?

కోర్టు బయట సుబ్బారావుగారు పోలయ్య భార్యని ఓదారుస్తూ కనిపించారు. పోనీలే, కాస్త జాలైనా ఉంది అనుకున్నాను. అంతలో నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"రేపట్నుంచి వాడి తమ్ముణ్ని పాకలో పెడుతున్నానండి. వాడి మీద ఇంతవరకూ కేసుల్లేవు. ఒకవేళ దొరికినా తక్కువే పడుద్ది కదండీ?"

ఫైలు పట్టుకుని వచ్చేశాను. చట్టం ప్రకారం ఆయన అన్నది నిజమే.