ఒక్క మండపం, రెండు కంప్యూటర్లు

రాయగడ,
8 జనవరి 2003

బాబూ రత్నకుమార్‌కి సింహాచలం దీవెనలు.

మా కల్యాణ మండపం బుకింగులకి ఇక్కడ నా దగ్గరొకటి, కోరాపుట్‌లో నీ దగ్గరొకటి కంప్యూటర్ పెట్టావు. ఫోను తీగ తెగి నాలుగు రోజులైంది. అయినా ఫిబ్రవరి 12కి మా అమ్మాయి కస్తూరి పెళ్ళి రాసేశాను. లైను పోయినా పని ఆగదన్నావు, నిజంగానే ఆగలేదు. నీ తెలివికి దండం పెట్టాలి.

ఇట్లు,
సింహాచలం

తా.క.: ఈ పెట్టె అడగ్గానే సరేనంది. కమిటీలో రామమూర్తి గారు ఏనాడూ ఇంత త్వరగా ఒప్పుకోలేదు.

కోరాపుట్,
12 జనవరి

సింహాచలం గారికి నమస్కారాలు.

ఆ దండం వెనక్కి తీసుకోండి. నిన్న గంటసేపు లైను వచ్చి మళ్ళీ పోయింది. ఆ గంటలో రెండు జాబితాలూ కలిశాయి. అదే రోజుకి నేనిక్కడ మా చెల్లి దేవకుమారి పెళ్ళి విందు రాసి ఉన్నాను! మీ కంప్యూటర్ నాది పోయిందనుకుంది, నాది మీది పోయిందనుకుంది. రెండూ పెద్దరికం నెత్తినేసుకున్నాయి. పెళ్ళికొడుకు మీ ఊరి పక్క జేకేపూర్ కాగితం మిల్లులో పనిచేస్తాడు. వాళ్ళందరికీ పిలుపులు వెళ్ళిపోయాయి. నాన్న లేని పిల్ల. ఏం చెయ్యమంటారో రాయండి.

మీ
రత్నకుమార్

తా.క.: లైను పోతే ఏం చెయ్యాలో దానికి నేర్పాను. తిరిగొస్తే ఏం చెయ్యాలో నేర్పలేదు.

రాయగడ,
16 జనవరి

బాబూ,

నాన్న లేని పిల్ల అన్నావు, నాకు అన్నం సహించలేదు. కస్తూరి పేరు తీసేశాను. వియ్యంకుడు దాలయ్య గారిని బతిమాలి పెళ్ళి వాళ్ళ ఊరికి మార్చాను. మండపం మీ చెల్లిదే.

సింహాచలం

తా.క.: మా ఆవిడ నీలవేణి నాతో మాట్లాడడం మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

కోరాపుట్,
16 జనవరి

సింహాచలం గారికి,

ఆడపిల్ల తండ్రితో పోటీ పడ్డానా అని సిగ్గేసింది. దేవకుమారి పేరు తీసేశాను. "చర్చి దగ్గర టీ ఇస్తే చాలన్నయ్యా" అని నవ్వింది గానీ, తర్వాత వంటింట్లో ఏడ్చింది. మండపం మీదే.

రత్నకుమార్

తా.క.: ఇది అందేలోగా మీరు తొందరపడి ఏమీ చెయ్యకండి.

రాయగడ,
21 జనవరి

బాబూ,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా పోయినట్టున్నాయి. నిన్న లైను వచ్చింది. చూస్తే పన్నెండో తారీఖు ఖాళీ! పెట్టెలు చేసిన తప్పే మనమూ చేశాం.

నేను తల పట్టుకు కూర్చుంటే నీలవేణి నీ ఉత్తరాలన్నీ చదివింది.

"ఏటయ్యా, ఆళ్ళ విందు ఎప్పుడు?"

"చర్చి పెళ్ళి కదా, మధ్యాహ్నమే ఉంటుంది."

"మన ముహూర్తం?"

"రాత్రి పదకొండుంపావు."

"మరి గొడవేటి?"

మనిద్దరం తారీఖు రాసుకున్నాం గానీ, వేళ ఒక్కడూ అడగలేదు. పెళ్ళి మళ్ళీ మండపానికే మార్చడానికి దాలయ్య గారిని తనే ఒప్పించింది. మండపం తలుపు మీద సుద్దముక్కతో ఇద్దరు పెళ్ళికూతుళ్ళ పేర్లూ రాసింది. నాకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. మీ చెల్లిని ఏడవొద్దని చెప్పు.

సింహాచలం

తా.క.: నీలవేణివి రెండు షరతులు. బిర్యానీ గిన్నెలు నాలుగింటికల్లా గేటు దాటాలట. ఇకమీదట మనిద్దరం ఆ పెట్టెలు ముట్టుకోకూడదట. నీ జవాబు కోసం ఆగకుండా ఇద్దరి తరఫునా సరే అనేశాను.