గేటుకు కట్టిన గులాబీ దారం

నవంబర్ 3, సోమవారం

కొరియర్‌లో రాజేశం నవల వచ్చింది. లోపల ‘మిత్రుడు బాలకిషన్‌కు’ అని సంతకం. అట్ట మీద వెనక్కి తిరిగి నిలబడ్డ ఆడమనిషి. సైకలాజికల్ సస్పెన్స్ అంటే ఇప్పుడు అందరికీ అదే అట్ట. లోపల ఒక మొగుడు, ఒక పెళ్లాం. ఒకరు దాస్తుంటారు, ఒకరు వెతుకుతుంటారు. కోరుట్ల లైబ్రరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. తెలుగులో, ఇంగ్లీషులో ఇలాంటివి నాలుగు వందలు చదివి ఉంటాను. రాయాల్సినవాణ్ని నేను. రాసింది సిరిసిల్లలో మరమగ్గాలు నడిపించే రాజేశం.

ఇరవై మూడున జగిత్యాలలో ఆవిష్కరణ సభ. రమ్మని కార్డు కూడా పెట్టాడు. వెళ్లి చప్పట్లు కొట్టాలి కాబోలు.

ముందుమాట వదిలేశాను. ఎవరివీ చదవను. అక్కడ అందరూ అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటారు.

ఇంకో సంగతి. నా భార్య దేవమ్మను మొదట చూడవచ్చింది రాజేశమే. సిరిసిల్ల పిల్ల, సిరిసిల్ల పిల్లగాడు. నాకు సర్కారు నౌకరీ దొరికిందని పెద్దలు మాట మార్చారు. నలభై నాలుగేళ్లయింది. ఈ నలభై నాలుగేళ్లలో ఆమెను సిరిసిల్లకు ఒంటరిగా ఒక్కసారీ పంపలేదు. ఆమె చెల్లెలు కళావతి ఇల్లు ఉన్నది కూడా రాజేశం ఉండే వాడలోనే.

నవంబర్ 4, మధ్యాహ్నం 3

నూట పన్నెండో పేజీ.

నవలలో మొగుడు బయటికి వెళ్తూ గేటు కింది ఊచకూ స్తంభానికీ మధ్య ఒక దారప్పోగు కడతాడు. గేటు తెరిస్తే తెగుతుంది. సాయంత్రం వచ్చి వంగి చూస్తాడు. తెగకపోతే పెళ్లాం ఇల్లు కదలలేదన్నట్టు.

ఆ పని నాది. రిటైరైన దగ్గర్నుంచి, అంటే పదమూడేళ్లుగా, గురువారం గురువారం జగిత్యాలకు వెళ్లేటప్పుడు నేను చేసే పని. దేవమ్మ బీడీలకు చుట్టే గులాబీ రంగు దారంలోంచి జానెడు తెంపుకుంటాను. చెప్పులు సరిచేసుకుంటున్నట్టు వంగి కడతాను. ఒక్కసారీ తెగలేదు. దేవమ్మకు కూడా తెలియదు. రాజేశానికి ఎలా తెలిసింది?

నవంబర్ 5

మూడోసారి చదువుతున్నాను. మొగుడి పాత్ర బాగా కుదిరింది. అది నేనే. చివర అతన్ని చూసి పాఠకుడు జాలిపడాలట. రాజేశం జాలి నాకెందుకు?

నవంబర్ 6, గురువారం

జగిత్యాల వెళ్లాను. బీపీ మాత్రలు, జిల్లా లైబ్రరీ, పాత స్నేహితుడు రామస్వామితో రెండు చాయ్‌లు. పొద్దున దారం కట్టే వెళ్లాను, గులాబీది, ముడి వేసి.

ఐదున్నరకు వచ్చి వంగి చూశాను. దారం ఉంది. తెగలేదు. లేచి నిలబడ్డాక ఏదో తేడాగా అనిపించి, అద్దాలు పెట్టుకుని మళ్లీ వంగాను.

ఆకుపచ్చ.

ముడి లేదు. బీడీకి చుట్టినట్టు రెండు బిగువైన చుట్లు, కొస లోపలికి దోపి ఉంది. గేటు ఊచల్లోంచి చెయ్యి పెట్టి కట్టిన పని. అలా చుట్టే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే.

దేవమ్మకు తెలుసు. దేవమ్మ బయటికి వెళ్తోంది. ఆమె కంపెనీ దారం గులాబీ. ఆకుపచ్చ వాడేది సిరిసిల్ల కంపెనీ.

చాయ్ తెచ్చి ఇచ్చింది. “గట్ల సూస్తున్నవేంది, చక్కెర తక్కువయ్యిందా?” అని అడిగింది.

నవంబర్ 7

అడగలేదు.

నవంబర్ 8

అడగలేదు. నా ముందు కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని రోజంతా బీడీలు చేసింది. వేళ్లు ఆగవు. నాలుగు వందల నవలల్లో ఏ పెళ్లామూ ఇంత నిమ్మళంగా లేదు.

నవంబర్ 10, పొద్దున 11

ఆమె నల్లా దగ్గర ఉన్నప్పుడు తునికాకు సంచి వెతికాను. అడుగున మడతపెట్టిన టికెట్లు. ఆడవాళ్లకు బస్సులో ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు. వేములవాడకు, అక్కణ్ణుంచి సిరిసిల్లకు. మళ్లీ వాపసు. అన్నీ గురువారాలే. తొమ్మిది వారాలవి దొరికాయి. ఎక్కడివక్కడ పెట్టేశాను.

అరవై మూడేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పని గుడి మెట్లు ఎక్కదు. రెండు బస్సులు మారి సిరిసిల్లకు పోతోంది. రాజేశానికి నా దారం కథ చెబుతోంది. ఇద్దరూ నవ్వుకుంటూ ఉండాలి. ఆమె నవ్వినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నా దగ్గర అలా నవ్వి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. అదంతా వాడు చూస్తున్నాడు.

నవంబర్ 13, గురువారం

జగిత్యాలకు పోలేదు. జ్వరమన్నాను. దేవమ్మ రెండుసార్లు గడియారం చూసింది. పదిన్నరకు ఎవరికో ఫోన్ చేసి, గొంతు తగ్గించి, “ఇయ్యాల అత్తలేను, ఎట్లనన్న ఎల్లదియ్యి” అని చెప్పింది. తర్వాత నాకు జావ కాచి ఇచ్చింది. తాగలేదు.

నవంబర్ 16

రాజేశం పుస్తకం ఆమె కంటపడింది. “నీ దోస్తు బుక్కట గదా, మీటింగుకు నన్ను గూడ తీస్కపోతవా?” అంది. చదవడం కూడబలుక్కుని వచ్చు, అంతే. ఆమెకు సభ ఎందుకు? వద్దన్నాను. “నువ్వు పెద్ద సదువుకున్నోనివి తియ్యి,” అని చాట దగ్గరికి జరుపుకుంది.

నిర్ణయించుకున్నాను. నవలలో మొగుడు బస్టాండు స్తంభం చాటున నిలబడి పెళ్లాన్ని వెంబడిస్తాడు, పట్టుబడి నవ్వులపాలవుతాడు. నేనా తప్పు చెయ్యను. ఇరవై మూడున అందరి ముందూ అడుగుతాను. వాడు వేదిక మీద ఉంటాడు. పారిపోయే దారి ఉండదు.

నవంబర్ 23, ఆదివారం, సాయంత్రం 7

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాల్లో నూటయాభై మంది. రామస్వామి అధ్యక్షత. ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచాను. మైకు చేతికిచ్చారు. నూట పన్నెండో పేజీ చదివి వినిపించి అడిగాను: ఈ దారం సంగతి నా ఇంట్లో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా లేదు, పదమూడేళ్లుగా నా గేటుకు కడుతున్నది నేను, నా భార్య గురువారం గురువారం సిరిసిల్లకు వచ్చి చెప్పకపోతే ఈయనకు ఎలా తెలిసింది?

రాజేశం లేచాడు. కోపం లేదు. అదే నాకు మండుతోంది. “అన్నా, నువ్వే చెప్పినవ్ గదనే. తొంభై ఆరుల, కరీంనగర్ బస్టాండ్ల చాయ్ తాగుకుంట. గిట్లొక నవల రాస్త అన్నవ్. ముందుమాటల పెట్టిన నీ పేరు. సదువలేదా?” అన్నాడు.

రామస్వామి పేజీ తీసి నా చేతిలో పెట్టాడు. ‘ఈ దారం నా మిత్రుడు బాలకిషన్ ఊహ. ఆయన రాస్తాడని ఇరవై తొమ్మిదేళ్లు ఎదురుచూశాను.’

గుర్తొచ్చింది. చాయ్ గ్లాసు, వాన, నేను కథ చెబుతుంటే వాడు నోరు తెరుచుకుని వినడం. అప్పటికి నేను ఏ గేటుకూ దారం కట్టి ఎరుగను. ముందు కథగా చెప్పాను, మర్చిపోయాను, పదహారేళ్ల తర్వాత నా గేటుకు కట్టాను.

వెనక వరసలోంచి ఒక అమ్మాయి అడిగింది, “సార్, అయితే మీరు నిజంగనే కడ్తున్నరా?”

ఎవరో నవ్వారు. అందరూ కాదు. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు.

నవంబర్ 24, సోమవారం

వీడియో నాకంటే ముందే ఇల్లు చేరింది. కళావతి బిడ్డ పంపిందట. పొద్దున దేవమ్మ బీడీల చాట సంచిలో పెట్టుకుంటూ చెప్పింది. ఇంత పొడుగ్గా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

“కళావతికి పచ్చవాతం అచ్చి కుడిచెయ్యి పడిపోయింది, వానకాలంల. బీడీలు ఇయ్యకపోతే కంపెనోళ్లు దాని కార్డు తీసేస్తరు. వారానికొక దినం పోయి దాని పేరు మీద చేసి అచ్చిన. సిరిసిల్ల అంటే నీ మొఖం ఎట్లయితదో నాకెరికె గద, అందుకే చెప్పలె. రాజేశం మొఖం సూసి పదేండ్లయింది.”

దారం?

“పదమూడేండ్ల కిందనే, మొదటి గురువారమే సూసిన. తెంపుకుంట, కట్టుకుంట అచ్చిన. కూరగాయలకు పోతే తెంపాలె, పక్కింట్ల సావైతే తెంపాలె. గులాబిది కడ్తే నీకు ఎన్నడు తెల్వకపోవు. మొన్న కావాలనే పచ్చది కట్టిన. సూసి అడుగుతవనుకున్న. అడిగితే అంత చెప్దామనుకున్న.”

సంచి భుజానికి వేసుకుంది.

“నన్ను అడగలె. ఊరినడిగినవ్.”

గేటు తనే తీసుకుని వెళ్లింది. పదింటి వేములవాడ బస్సు.

నవంబర్ 25

ముందుమాట మొత్తం చదివాను. బాగా రాశాడు.

నవంబర్ 27, గురువారం

దేవమ్మ ఇంకా రాలేదు. కిటికీలో ఆకుపచ్చ దారం రీలు మర్చిపోయి వెళ్లింది. జానెడు తెంపి గేటుకు కట్టి జగిత్యాల వెళ్లాను. ఐదున్నరకు వచ్చి వంగి చూశాను.

తెగలేదు.