మన భాషలోనే చెప్పన్నా

శుక్రవారం రాత్రి, తిరుత్తణి

మొన్న మా రేడియోలో రాష్ట్ర బడ్జెట్ గురించి నేను మాట్లాడుతుంటే ఆత్తిపట్టు నుంచి ఒక కాంట్రాక్టు కూలీ ఫోన్ చేశాడు. పేరు చెప్పొద్దన్నాడు, నేనూ చెప్పలేదు. అతని అరవంలో తెలుగు యాస వినగానే మురిసిపోయి, "మన భాషలోనే చెప్పన్నా" అన్నాను.

"బడ్జెట్లో మా కూలి ఊసే లేదేమ్మా?" అని కడుపులో ఉన్నదంతా చెప్పుకున్నాడు.

ఇవాళ మళ్లీ చేశాడు. "మా షెడ్డులో తెలుగోడు నేనొక్కడే గదమ్మా. రేడియోలో తెలుగు వినంగానే మేస్త్రి పట్టేసినాడు. రేపట్నించి రావొద్దన్నాడు."

నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

వచ్చే వారం కార్యక్రమానికి ప్రకటనగా అతని మాటలే నిన్న కత్తిరించి ఇచ్చాను. రేపు పొద్దున్నుంచి గంటగంటకీ వస్తుంది. ఆపమని ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆ గొంతు అంత బాగా పలికింది మరి...