కోడలి భాషలో ఒక వాక్యం

అక్కయ్యకు,

సీత నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ మీ మరిదీ వేళకు ఇంత తిని తిరుగుతున్నాం. మా క్షేమం ఇప్పుడు ఆ మాత్రమే. నువ్వూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఫోన్‌లో నీకు వినపడదు కాబట్టి అన్నీ ఇందులోనే రాస్తున్నాను.

కొడుకు రేవంత్ పోయాక ఆ టర్కీ కోడలితో ఏ భాషలో ఏడుస్తున్నావే అని అడిగావు. దాని భాషలోనే, అక్కా. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలియనిదా! విన్నిపెగ్ చలికి ఎటూ బయటికి పోలేం. కిచెన్ టేబుల్ దగ్గర ఎలిఫ్ టీచరు, నేను స్టూడెంటు. మనలాగే వాళ్ళకూ విభక్తులు మాట వెనకే వస్తాయి. ఎవ్ అంటే ఇల్లు, ఎవె ఇంటికి, ఎవ్‌దె ఇంట్లో. 'నా' అనేది మాత్రం మనకు ముందుంటే వాళ్ళకు తోకలా వెనక తగులుకుంటుంది. ఎవిమ్ అంటే నా ఇల్లు. నేను తప్పు చెబితే మనవరాలు మీనా "నో, నానమ్మా!" అని నెత్తి కొట్టుకునేది.

సరదాకు నేర్చుకోలేదు. వియ్యపురాలు తమ ఊరు ఇజ్మీర్ వచ్చేయమని ఎలిఫ్‌ను రోజూ పిలిచేది. వీళ్ళూ వెళ్ళిపోతే రేవంత్‌ది నాకేం మిగులుతుంది? "ఈ ఇల్లు నీది, వెళ్ళకు" అని దాని భాషలోనే అడగాలని, గిన్నెలు తోముతూ ఆ వాక్యం వల్లె వేశాను.

మీనా తెలుగు మాట్లాడుతోందా అనీ అడిగావు. దానికి జవాబు రాయలేకే ఇంత ఆలస్యం. వాళ్ళు వెళ్ళిపోయారక్కా.

ఒకరోజు నేను లాండ్రీ మడత పెడుతుంటే పక్క గదిలో ఎలిఫ్ ఫోన్‌లో తల్లితో, "అమ్మా, ఇక్కడ నాకెవరూ లేరు" అంది. నాకు అంత వచ్చని అనుకుని ఉండదు. ఎవరి సాయం లేకుండా నాకు పూర్తిగా అర్థమైన మొదటి వాక్యం అదే. ఒళ్ళు మండింది. మూడు పూటలా వండి పెట్టినదాన్ని, నేనెవరినీ కానా? కానీ కెనడా వచ్చిన కొత్తలో నేను నీకు రాసిందీ ఆ మాటే కదా. వల్లె వేసిన వాక్యం పక్కన పెట్టేశాను. సూట్‌కేసులు నేనే సర్దాను.

టాక్సీ ఎక్కబోతూ ఎలిఫ్ నా చేతికి చెంబుడు నీళ్ళిచ్చింది. "బండి కదలగానే వెనక పోయండి, అత్తయ్యా. నీళ్ళలా వెళ్ళి నీళ్ళలా తిరిగి రావాలని మావాళ్ళు పోస్తారు" అని తన భాషలోనే మెల్లగా విడమరిచి చెప్పింది. మనవాళ్ళు మనిషి గడప దాటితే వెంటనే ఇల్లు కూడా ఊడవరు. నీళ్ళు వదిలామంటే ఆశ వదులుకున్నట్టే. అయినా పోశాను.

ఆ చలికి నీళ్ళు రోడ్డు దాకా పారలేదు. వాకిట్లోనే గడ్డకట్టాయి. జారిపడతామని మీ మరిది ఉప్పు చల్లబోతే చెయ్యి పట్టుకున్నాను. ఉండనివ్వండి, కరిగాక పారుతుంది అన్నాను.

ఇట్లు,
నీ చెల్లెలు
సీత