తూకం దాటిన పొట్లం

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ చెల్లి, నేను, మన పాత ఇస్త్రీపెట్టె కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నానని రాశావు గానీ, జైల్లో ఎవరైనా కులాసాగా ఉంటారట్రా? అబద్ధమాడినా అతికినట్టుండాలి.

లాండ్రీ బాగానే నడుస్తోంది. ఎదురింటి నర్సమ్మ నీ సంగతి బయటపడ్డాక కొన్నాళ్లు రావడం మానేసింది. వేరేచోట ఆవిడ తెల్లకోటు మాడ్చారట, మళ్లీ మన గుమ్మమే దిక్కయింది. చెల్లి ఆవిడతో, "మా దగ్గర కేసులున్నాయి గానీ మరకలుండవండీ" అంది. దాని నెత్తిన మొట్టాలో, నవ్వాలో నాకు తెలియలేదు.

శిక్ష ఎలా లెక్కేస్తారని అడిగావు. ప్లీడరు గారిని పట్టుకుని అంతా చెప్పించుకున్నాను. నేరం ఒప్పుకున్నావు కాబట్టి ఇక తేలాల్సింది ఎన్నేళ్లన్నదే. ముందు తూకం చూస్తారట. మత్తుమందు ఎంత, అందులో కలిసిన చెత్త ఎంత అని వేరు చేయరు. పొట్లంలో ఉన్నదంతా తూస్తారు. అది ఒక హద్దు దాటితే శిక్ష పై మెట్టుకు పోతుంది. పక్కనే తుపాకీ దొరికితే ఇంకా పెరుగుతుంది. తొలి తప్పా, వయసెంత, ఎవరినైనా బెదిరించాడా అన్నవి ఆ తర్వాత చూస్తారు.

నీ దగ్గర అంత సరుకు లేదని, పోలీసులే కలిపారని రాశావు. కోర్టులో అదే గట్టిగా అంటానన్నావు. అనకు నాన్నా. వాళ్లు కలపలేదు. నేను కలిపాను.

బీరువా వెనక నీ సంచి దొరికిన రోజు విప్పి చూస్తే లోపల పొడి పొట్లం, తుపాకీ. తుపాకీని ముట్టుకోలేకపోయాను. పొడి పారేద్దామంటే, నీకు ఇచ్చినవాడు నిన్ను బతకనిస్తాడా అని భయం. మన గంజిపొడీ తెల్లగానే ఉంటుంది కదా, డబ్బాలోంచి తీసి దోసిళ్లతో కలిపేశాను. సరుకు బాగాలేదని కొనేవాడు వెనక్కి కొడితే, ఈ పాడు బేరం అచ్చిరాలేదని నువ్వే మానుకుంటావనుకున్నాను. కొనేవాడికంటే ముందు పోలీసులొచ్చారు. నా తెలివి అలా తెల్లారింది. చేజేతులా నీ శిక్ష నేనే పెంచాను. ఇన్నాళ్లూ చెల్లి ఒంటరిదైపోతుందని సాకు చెప్పుకుని నోరు విప్పలేదు. అసలు సంగతి పిరికితనం. ఈ ఉత్తరం నీకంటే ముందు జైలువాళ్లు చదువుతారని తెలుసు. చదవనీ.

నిన్న ప్లీడరు గారికి చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "మీ మీదా కేసు పెట్టొచ్చమ్మా. చట్టం ప్రకారం మొత్తం తూకమే లెక్క. కాకపోతే హద్దు దాటించింది మీవాడు కాదని తెలిస్తే జడ్జిగారు కాస్త తగ్గించొచ్చు, తగ్గించకపోనూవచ్చు" అన్నారు.

మీ మామయ్య పక్కనే ఉన్నాడు. "ఎలాగూ బోనెక్కుతున్నావు కదక్కా, ఆ తుపాకీ కూడా వాడిది కాదనెయ్యి" అన్నాడు.

"అది వాడిదేరా" అన్నాను.

నన్ను కోర్టుకు రావద్దన్నావు. వస్తాను. చెల్లి మామయ్యావాళ్లింట్లో ఉంటుంది, షాపు అదీ మామయ్యా చూసుకుంటారు. నన్ను అట్నుంచి అటే తీసుకెళ్లినా సరే, ఉన్నదున్నట్టు చెబుతాను. తుపాకీ దగ్గర పెట్టుకున్నందుకు, ఆ విషం అమ్మబోయినందుకు ఎన్నేళ్లు వేస్తే అన్నేళ్లూ తలొంచుకుని అనుభవించు. నా గంజిపొడికి మాత్రం నువ్వు ఒక్క రోజు కూడా లోపల ఉండకూడదు.

ఇట్లు,
నీ శిక్షలో తన వాటా తను తీసుకోవడానికి వస్తున్న
మీ అమ్మ