జంట రంపాలు

పానగల్,
3 జులై 2023

నాయినకు,

నీ పెద్దబిడ్డ రూప రాస్తున్నది. ఫోన్ చేస్తే నీకు వినపడదు. చెల్లె భాగ్యశ్రీ మధ్యలో ఉండి నీ చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పే మాటలు కావు ఇవి. అందుకే రాస్తున్నాను. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కడివే కూర్చుని చదువు.

విజేందర్ పోయి రెండు నెలలు దాటింది. మట్టి చేసి వచ్చిన సాయంత్రమే నువ్వు నందికొండ బస్సెక్కావు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. మొగుడు పోయిన బిడ్డ దగ్గర నాలుగు రోజులు ఉండలేకపోయాడా అని నీ మీద చాలా కోపం వచ్చింది. మెల్లగా అర్థమైంది. ఆ రోజు మా అత్తమ్మ బిక్షమ్మ వాకిట్లో నీ ఎదుట నిలబడి గుండెలు బాదుకుంటూ అరిచింది. "ఏమంటాంది బిడ్డా?" అని నువ్వు నన్నడిగావు. నేను నోరు విప్పలేదు. కానీ ఆమె వేలు ఒకసారి నీ వైపు, ఒకసారి నువ్వు అల్లునికిచ్చిన మిషన్ వైపు చూపించింది. నీకు వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

ఇప్పుడు చెబుతున్నాను. "తుక్కుల పడేసిన మిషన్‌కు రంగేసి నా కొడుకు చేతుల పెట్టిండు. నా కొడుకును పొట్టన పెట్టుకున్నడు" అన్నది. ఇప్పటికీ అంటున్నది. బర్రెకు కుడితి పోస్తూ అంటుంది, బియ్యం ఏరుతూ అంటుంది. నాతో కాదు, తనలో తానే. వినేది మాత్రం నేనే.

నేను ఒప్పుకోలేను నాయినా. నీ చేతి పని నాకు తెలుసు. డ్యాం వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్నప్పటినుంచి నీకు పాత రంపం మిషన్ల పిచ్చి. ఎక్కడ వేలం జరిగినా, ఏ తుక్కు దుకాణంలో పడి ఉన్నా, చెట్లు కోసే మిషన్ కనిపిస్తే ఇంటికి చేరవలసిందే. "మంచం ఏస్తందుకు జాగా లేదు గని గీ ఇనుప గొడ్లకు షెడ్డు కావాలె" అని అమ్మ బతికి ఉన్నన్నాళ్లూ తిట్టింది. ఒకదాన్ని విప్పి, అలాంటిదే మరొకటి పక్కన పెట్టుకుని, మరకు మర సరిచూసేవాడివి. ఏది తయారైనప్పటి సామాను, ఏది ఎవరో మధ్యలో మార్చినది అని నాకు చూపించేవాడివి. చెవులు పోయాక మిషన్ మీద అరచెయ్యి పెట్టి, ఆ అదురును బట్టి ఇంజను ఎట్లా ఉందో చెప్పేవాడివి. పెళ్లయిన కొత్తలో విజేందర్ అది చూసి, "మీ నాయిన డాక్టర్ లెక్క నాడి చూస్తడు" అని నవ్వాడు.

ఒకే రకానికి చెందిన రెండు ఎర్ర మిషన్లు నీ దగ్గర జంటగా ఉండేవి, వాటిలో ఒకదాన్ని అతనికే ఇచ్చావు. ఎంత మురిసిపోయాడో నీకు తెలుసు. కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టే పనికీ, తుమ్మలు నరికే పనికీ అదే. కొత్త మిషన్లు వాడేవాళ్లు కూడా చుట్టూ చేరి చూసేవాళ్లట.

ఆ రోజు గాలిదుమారానికి తోవకు అడ్డంగా వేపచెట్టు కూలింది. అన్నం ముందు నుంచి లేచి వెళ్లాడు. ఆకుల చాటున కనపడని కొమ్మకు రంపం మొన తగిలింది. మిషన్ ఎగిరి మెడ మీదికి వచ్చింది. పక్కనున్న వాళ్లు చెప్పింది ఇంతే: చేతి ముందుండే గార్డు ముందుకు పడింది, అయినా చైన్ ఆగలేదు. దవాఖానకు చేరేలోపు ప్రాణం పోయింది.

గార్డు పడితే బ్రేకు పట్టాలి, చైన్ ఆగాలి. నువ్వే నేర్పావు. ఎందుకు ఆగలేదు? విజేందరే ఎప్పుడో విప్పి సరిగ్గా బిగించలేదేమో అని నా అనుమానం. చచ్చిపోయిన మొగుని మీద తప్పు తేలాలని ఏ ఆడది కోరుకుంటుంది? నేను కోరుకుంటున్నాను. మట్టి చేసిన మర్నాడు పోలీసులు పట్టుకెళ్లిన మిషన్ ఇప్పుడు తిరిగి ఇచ్చారు. జంటలో రెండోది, నువ్వు ఏ సామానూ మార్చకుండా గోడకు పెట్టుకున్నది, భాగ్యశ్రీతో పంపు. రెండూ పక్కపక్కన పెట్టి, అత్తమ్మ కళ్ల ముందే విప్పుతాను. ఆమె నోటితోనే నీ తప్పు లేదనిపిస్తాను.

నీ బిడ్డ,
రూప

*

పానగల్,
11 జులై 2023

నాయినా,

భాగ్యశ్రీ మిషన్ తెచ్చి ఇచ్చింది. ఉత్తరం ఏమీ రాయలేదు నువ్వు. నూనెబట్టలో చుట్టి, విప్పే పానాలు కూడా పెట్టి పంపావు. అప్పుడే నాకు భయమేసింది. నీకు కూడా తెలుసుకోవాలని ఉన్నదని అర్థమైంది.

నిన్న పొద్దున వాకిట్లో చాప పరిచి రెండూ పెట్టాను. నీ గోడ మీదిది మెరుస్తున్నది. విజేందర్‌ది కడిగినా మరకలు పోలేదు. అత్తమ్మ గడప మీద కూర్చుంది. ఇంట్లోకి వెళ్లమని భాగ్యశ్రీ బతిమాలింది. "నా కొడుకును మింగినదాని కడుపుల ఏమున్నదో నేను చూడొద్దా?" అన్నది. కదల్లేదు.

ముందు చైన్ చూశాను. మంచి పదును, సరైన బిగువు. చైన్ తిరిగే బారు వంగలేదు. మూత తీసి బ్రేకు పట్టీ చూశాను. అరగలేదు. బోల్టులన్నీ గట్టిగా ఉన్నాయి. విజేందర్ ఆ మిషన్‌ను పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాడు నాయినా. వెతకడానికి ఇక మిగిలింది పట్టీని గుంజే స్ప్రింగు ఒక్కటే.

తెగి ఉంది. కొక్కెం దగ్గర తెగి ఉంది.

నీ గోడ మీది మిషన్ స్ప్రింగు తీసి పక్కన పెట్టాను. దాని కొక్కెం గుండ్రంగా, నున్నగా, ఒకే రంగులో ఉంది. ఇది వేరే. తీగ లావు వేరు, చుట్లు వేరు. కొక్కెం వంచిన చోట మంటలో కాల్చిన నీలిరంగు మచ్చ. అప్పుడు గుర్తొచ్చింది. అసలు స్ప్రింగు ఎక్కడా దొరక్క నెలల తరబడి తిరిగి, చివరికి పాత మోపెడ్ స్టాండు స్ప్రింగు కోసి, కొసను ఎర్రగా కాల్చి వంచావు. "దొరకలే బిడ్డా. గిది గూడ గట్టిదే, ఫికర్ లేదు" అన్నావు. కాల్చిన చోట ఇనుము చచ్చిపోయింది. తెగిన ముఖం సగం నల్లగా ఉంది, సగం తెల్లగా మెరుస్తున్నది. అంటే ఎప్పటినుంచో సగం చిట్లి ఉన్నది. ఆ రోజు మిగతా సగం పోయింది.

చేతిలో పెట్టుకుని ఎంతసేపు చూశానో తెలియదు. దాన్ని కొంగులో ముడి వేసుకుని, విజేందర్ బోల్టు బిగించలేదు అంటే అత్తమ్మకు ఏం తెలుస్తుంది? నువ్వు బతికిపోతావు. నాకు నాయిన మిగులుతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె నా ముఖం వైపే చూస్తున్నది.

"ఏముంది?" అని అడిగింది.

చెప్పేశాను. "మా నాయిన చేసిన స్ప్రింగే అత్తమ్మా. తెగింది. విజేందర్ తప్పు ఏం లేదు."

తిడుతుందనుకున్నాను. లేచి వచ్చి నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె రెండు స్ప్రింగులూ చేతిలోకి తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటి వేలితో తడిమి చూసింది. భాగ్యశ్రీ ఏడుస్తున్నది. అత్తమ్మ నన్నడిగింది.

"గిసొంటిది మీ నాయిన ఇంకెవ్వరికన్న ఏసి ఇచ్చిండా?"

ఆ ప్రశ్న నాకు రాలేదు నాయినా. నువ్వు తప్పు చేశావా లేదా అన్న దగ్గరే నేను ఆగిపోయాను. కొడుకును పోగొట్టుకున్న తల్లికి వచ్చింది.

నువ్వు బాగుచేసిన మిషన్లలో కొన్ని గోడ మీద లేవు. ఎవరెవరికో ఇచ్చావు. ఎవరి మిషన్లో ఈ స్ప్రింగు ఉన్నదో నీకొక్కనికే తెలుసు. వానలు మొదలయ్యాయి, చెట్లు కూలే కాలం. వాళ్లు ఇవాళ కూడా ఎక్కడో ఒక చెట్టు మీద ఉండి ఉంటారు.

ఏడుస్తూ కూర్చోకు. సమాధానం రాయకు. ఈ ఉత్తరం చెల్లెతోనే పంపుతున్నాను. చదివిన వెంటనే బయలుదేరి రా.

రూప

*

పానగల్,
19 జులై 2023

నాయినా,

నువ్వు నందికొండ చేరావని చెల్లె చెప్పింది. అన్నం సరిగా తినడం లేదని కూడా చెప్పింది. మనం తిరిగిన ఆ ఒక్కరోజులో నీ చుట్టూ చాలా మాటలు నడిచాయి. నీకు వినపడలేదు. అప్పుడు చెప్పే తీరిక లేదు, చెప్పే మనసూ లేదు. ఇప్పుడు ఒక్కటీ దాచకుండా రాస్తాను.

నువ్వు ఆటో దిగి గేటు దగ్గర నిలబడ్డప్పుడు అత్తమ్మ నిన్ను లోపలికి పిలవలేదు. "ఎంతమందికి ఇచ్చిండో అడుగు" అన్నది నాతో. నేను చేతి వేళ్లతో అడిగాను, నువ్వు రెండు వేళ్లు చూపించావు. ఆమె చెప్పులు తొడుక్కుని మనకంటే ముందు ఆటోలో కూర్చుంది. ఎందుకని నువ్వు నన్ను సైగతో అడిగావు. నాకూ తెలియదు, అందుకే తల తిప్పుకున్నాను.

భువనగిరిలో గుర్వయ్య మిషన్ ఇవ్వడానికి ఒప్పుకోలేదు కదా. అతను అన్నది ఇది: "ముసలాయన మిషన్ మస్తుగ నడుస్తాంది. ఇచ్చినది మళ్ల గుంజుకపోతందుకొచ్చిండ్రా?" అప్పుడు అత్తమ్మ కొంగు చాటున తెచ్చుకున్న తెగిన స్ప్రింగు తీసి అతని అరచేతిలో పెట్టింది. "నా కొడుకు మిషన్‌ల గిది తెగింది. పీనుగును ఇంటికి తెచ్చుకున్న" అన్నది. అంతే. అతను లోపలికి వెళ్లి మిషన్ తెచ్చాడు. దాని స్ప్రింగు గట్టిగానే ఉన్నా నువ్వు పీకేశావు. మంచి పని చేశావు.

దేవరకొండ దగ్గర లింగస్వామి ఇంట్లో లేడు. అతని భార్య లీలమ్మ, "చింతచెట్టు కొట్టెతందుకు పోయిండు, ఇప్పుడే పోయిండు" అన్నది. ఆ మాట నేను నీకు సైగ చేస్తుండగానే నువ్వు చేల గట్ల మీద పరుగెత్తావు. ఈ వయసులో అట్లా పరుగెత్తగలవని నేనెన్నడూ అనుకోలేదు. అతను చెట్టు మీదున్నాడు, మిషన్ మోగుతున్నది. కింద నుంచి నువ్వు అరుస్తున్నావు. నీ గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నీకు తెలియదు. చేలల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

అతను దిగాక అక్కడే నేల మీద కూర్చుని విప్పావు. పటకారుతో స్ప్రింగును పట్టి గుంజావో లేదో, నీ చేతిలోనే తెగింది. సగం నలుపు, సగం తెలుపు. మన వెనకే పరుగెత్తుకొచ్చిన లీలమ్మ మొగుని ఒళ్లు తడిమి చూసుకుంది.

లింగస్వామి నిన్ను అన్నవి నువ్వు వినకపోవడమే నయం. కానీ దాచనన్నాను కాబట్టి రాస్తాను. "మమ్ములను చంపుదామనుకున్నవారా ముసలోడా? నీ పిచ్చికి మా పానాలు గావాలెనా?" అని చెయ్యెత్తాడు. నువ్వు తప్పుకోలేదు. దెబ్బ తినడానికే వచ్చినవాడిలా అట్లానే కూర్చున్నావు. అప్పుడు అత్తమ్మ మధ్యలోకి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. అది నువ్వు చూశావు. బస్టాండులో ఆమెకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టావు. నిన్ను క్షమించిందని అనుకున్నావు. చెల్లెతో కూడా అదే చెప్పావట.

ఇంటికి వెళ్లి షెడ్డులో ఉన్నవన్నీ తుక్కుకు వేస్తానన్నావట. వద్దు. వాటిని నీతో కలిసి ఒక్కొక్కటీ విప్పడానికి నేను వస్తాను. ఏది అసలుది, ఏది నువ్వు కల్పించి పెట్టినది అని తేల్చాలి. నువ్వు చేసి పెట్టిన సామాను ఉన్న మిషన్ ఒక్కటి కూడా మళ్లీ మోగకూడదు. కానీ ఇప్పుడే రాలేను. బస్సులో నీ పక్కన కూర్చుని నీ చేతులు చూడలేకపోయాను. చిన్నప్పటి నుంచి ఆ చేతులు పట్టుకుని నడిచినదాన్ని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కొంతకాలం నన్ను ఇక్కడే, అత్తమ్మ దగ్గరే ఉండనివ్వు. నేను వచ్చేదాకా వేళకు అన్నం తిను.

ఇక ఆ మాట. లింగస్వామి చెయ్యి పట్టుకుని ఆమె ఏమన్నదో రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నీ మేలు కోసమైనా దాన్ని తియ్యగా మార్చి రాయలేను.

"కొట్టేదుంటే ముందుగాల నేను కొట్టాలె. కొడుకు పోయింది నాకు. నేనే కొట్టలే. నువ్వు పానంతోని పెండ్లాం పిల్లల దగ్గరికి పోతున్నవు, పో."

నీ బిడ్డ,
రూప